కొత్త భవనాల కమిషనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త భవనం కట్టిస్తున్న యజమానులు, దానిని రేపు నడపబోయే ఇంజనీర్లు, ఇద్దరి మధ్యా నలిగే ప్రాజెక్టు మేనేజర్లు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఎయిర్ కండిషనింగ్ నుంచి తీసుకున్నవి. పెద్ద భవనాల్లో చాలావాటిలో విద్యుత్తును ఎక్కువగా వాడుకునేదీ, తప్పు జరుగుతున్నా పైకి బాగానే ఉన్నట్టు కనిపించేదీ అదే.

కమిషనింగ్ అంటే యంత్రాలను ఆన్ చేసి చూడడమేనా?

కాదు. యంత్రాన్ని మొదటిసారి నడపడాన్ని స్టార్టప్ అంటారు; అది తయారీ కంపెనీ ఇంజనీరు వచ్చి ఒకటి రెండు రోజుల్లో ముగించి వెళ్లే పని. యజమాని కోరినది రాతలో ఉందా, డిజైన్ దానికి తగినట్టు ఉందా, బిగించినవన్నీ డిజైన్ ప్రకారమే ఉన్నాయా, అవి కలిసి పనిచేస్తున్నాయా, నడపబోయేవారికి నడిపే విధానం అర్థమైందా అనే అయిదు ప్రశ్నలకు ఆధారాలతో సమాధానం రాబట్టే ప్రక్రియ కమిషనింగ్. ఈ మాట ఓడల నుంచి వచ్చింది. కట్టిన యుద్ధనౌకను సముద్రంలో పరీక్షించి, లోపాలు సరిచేసి, సిబ్బందిని సిద్ధం చేశాకే సేవలోకి తీసుకుంటారు. భవనాల రంగానికి ఆ పద్ధతి చాలా ఆలస్యంగా చేరింది. ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే తన మొదటి కమిషనింగ్ మార్గదర్శకాన్ని 1989లో వెలువరించింది. 2005లో వచ్చిన ‘గైడ్‌లైన్ 0’ ఆ ప్రక్రియను ఏ వ్యవస్థకైనా వర్తించేలా విస్తరించింది. 2013లో వచ్చిన ‘స్టాండర్డ్ 202’ కనీస అవసరాలను నిర్దేశించింది.

స్టార్టప్‌కూ కమిషనింగ్‌కూ తేడా ఒక ఉదాహరణతో తెలుస్తుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ బాగుంది, ఆ నీటిని తిప్పే పంపులు బాగున్నాయి, గాలిని చల్లబరిచి పంపే ఏహెచ్‌యూలు బాగున్నాయి. కానీ రాత్రి భవనం ఖాళీ అయిన తరువాత ఒకే ఒక్క చిన్న గది కోసం పెద్ద చిల్లర్, రెండు పంపులు, వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్ తెల్లవార్లూ నడుస్తున్నాయి. ఏ యంత్రం స్టార్టప్ నివేదికలోనూ ఈ లోపం కనిపించదు, ఎందుకంటే విడిగా చూస్తే ఏ యంత్రమూ తప్పు చేయడం లేదు.

ఈ పని ఎవరు చేయాలి? డిజైన్ చేసిన కన్సల్టెంటుకే అప్పగించకూడదా?

తన లెక్కలోని తప్పును తానే వెతికి, తానే నివేదికలో రాసి, యజమాని ముందు పెట్టవలసిన స్థితిలో ఎవరినీ ఉంచకపోవడం మంచిది. కాంట్రాక్టరు విషయంలో ఈ మాట మరింత నిజం, ఎందుకంటే లోపం బయటపడితే సరిచేసే ఖర్చు ఆయనదే. అందుకే కమిషనింగ్ బాధ్యుడు నేరుగా యజమానికి నివేదించే స్వతంత్ర వ్యక్తి లేదా సంస్థ అయి ఉండాలి, ఆయన ఫీజు కాంట్రాక్టరు బిల్లు గుండా రాకూడదు. అయితే పరీక్షలన్నీ ఆయనే తన చేతులతో చేస్తారని అనుకోకూడదు. వాల్వు తెరిచేది, ప్యానెల్‌లో వైరు సరిచేసేది, ప్రోగ్రాము మార్చేది కాంట్రాక్టరు మనుషులే. ఏ పరీక్ష ఎలా చేయాలో ముందుగా రాసి, దగ్గరుండి చూసి, ఫలితాన్ని ఒప్పుకోవడమో తిరస్కరించడమో బాధ్యుడి పని. కాంట్రాక్టరు టెండరులోనే ఈ పరీక్షలకు మనుషులనూ సమయాన్నీ కేటాయించాలని రాయకపోతే, తరువాత ప్రతి పరీక్షా ఒక అదనపు బిల్లుగా మారుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

గీతలు గీయకముందే. ఈ సమాధానం చాలామందికి అతిశయోక్తిగా అనిపిస్తుంది, కానీ తరువాత సరిచేయలేని తప్పులన్నీ కాగితం మీదే పుడతాయి. నీటి ప్రవాహాన్ని కొలిచే మీటరుకు ముందూ వెనకా కొంత వంపులేని పైపు కావాలి. డ్రాయింగులో వంపు పక్కనే మీటరు గీస్తే భవనం ఉన్నంతకాలం అది తప్పు అంకెలే చూపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న వాల్వుకు చేయి దూరే తలుపు లేకపోతే, దానిని ఎవరూ ఎప్పుడూ సరిచేయరు. అంతస్తుల వారీగా, లైట్లకూ ఏసీకీ లిఫ్టులకూ వేర్వేరుగా విద్యుత్ మీటర్లు పెట్టకపోతే, బిల్లు పెరిగిన రోజున ఎక్కడ పెరిగిందో చెప్పే ఆధారం ఉండదు. డిజైన్ దశలో ఇవి డ్రాయింగు మీద ఒక గుర్తుతో తీరే విషయాలు. భవనం నిలబడ్డాక అదే పనికి పైకప్పు విప్పాలి.

యజమాని అవసరాల పత్రంలో ఏమి ఉండాలి?

కమిషనింగ్ మొత్తానికీ ఇదే కొలబద్ద. భవనంలో ఎవరు ఉంటారు, ఏ వేళల్లో ఉంటారు, ఎంతమంది ఉంటారు, లోపల ఉష్ణోగ్రతా తేమా ఏ హద్దుల్లో ఉండాలి, చదరపు మీటరుకు ఏడాదికి ఎంత విద్యుత్తు మించకూడదు, కరెంటు పోతే ఏది ఎంతసేపట్లో తిరిగి నడవాలి, నిర్వహణకు ఎంతమంది సిబ్బంది ఉంటారు, వారి నైపుణ్యం ఏ స్థాయిలో ఉంటుంది వంటివన్నీ అందులో ఉండాలి.

‘సౌకర్యవంతమైన వాతావరణం ఉండాలి’ అన్న వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. ‘కార్యాలయ గదుల్లో పనివేళల్లో ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి’ అన్న వాక్యాన్ని థర్మామీటరుతో పరీక్షించవచ్చు. రాసిన ప్రతి వాక్యాన్నీ ‘దీనిని రేపు ఎలా రుజువు చేస్తాం?’ అని అడిగి చూస్తే సగం అస్పష్టత పోతుంది. ఈ పత్రానికి జవాబుగా డిజైన్ కన్సల్టెంటు తన ఊహలను, లెక్కలను, ఎంచుకున్న వ్యవస్థలను, వాటికి కారణాలను మరొక పత్రంలో రాయాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే కమిషనింగ్ బాధ్యుడి మొదటి పెద్ద పని. నిర్వహణ సిబ్బంది నైపుణ్యం గురించి రాయడం చాలామంది మరిచిపోతారు. ఇద్దరు టెక్నీషియన్లు నడపబోయే భవనానికి ఇరవై మంది ఉంటే తప్ప అదుపులో ఉండని వ్యవస్థను డిజైన్ చేస్తే, మొదటి ఏడాదిలోనే అన్నిటినీ చేత్తో నడపడం మొదలవుతుంది.

నిర్మాణ దశలో పరీక్షలు ఏ వరుసలో జరుగుతాయి?

వరుస తప్పితే పరీక్షకు అర్థం ఉండదు కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

మొదట బిగింపు తనిఖీ. ఆమోదించిన మోడలే వచ్చిందా, పైపుల మీద బాణం గుర్తులూ లోపలి ప్రవాహమూ ఒకే దిశలో ఉన్నాయా, డక్ట్ అతుకుల్లో సీలెంట్ ఉందా, సెన్సార్ గీసిన చోటే ఉందా అన్నవి చూస్తారు. గది ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ ఎండ పడే గోడ మీదో, ఫొటోకాపీ యంత్రం పైనో ఉంటే ఆ గది ఎప్పటికీ అతిగా చల్లబడుతుంది.

తరువాత పైపులను నీటితో ప్రెషర్ పరీక్ష చేసి, వేగంగా నీరు పారించి కడగాలి. వెల్డింగ్ ముక్కలు, ఇసుక, తుప్పు అంతా చెత్తను ఆపే స్ట్రెయినర్లలో చేరుతుంది. ఈ దశలో స్ట్రెయినర్‌కు సన్నని తాత్కాలిక జల్లెడ పెడతారు. కడగడం అయ్యాక దానిని తీసేయాలి. తీయకపోతే పంపు ఏళ్ల తరబడి అనవసరమైన నిరోధానికి ఎదురు తోస్తూనే ఉంటుంది, ఎవరికీ కారణం తెలియదు.

ఆ తరువాతే స్టార్టప్. ఇక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. మూడు ఫేజుల వైర్లలో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, కానీ సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలిని అదే దిశలో పంపుతుంది, తక్కువగా పంపుతుంది అంతే. గ్రిల్ దగ్గర చేయి పెట్టి ‘గాలి వస్తోంది’ అని సంతకం చేసినవారు ఈ తప్పును పట్టుకోలేరు. షాఫ్ట్ తిరిగే దిశను కళ్లతో చూడాలి.

నాలుగోది సెన్సార్ల తనిఖీ. భవనంలోని యంత్రాలను కంప్యూటరు నుంచి గమనిస్తూ నడిపే వ్యవస్థ బీఎంఎస్; దాని తెర మీది ప్రతి అంకెనూ, చేతిలోని కాలిబ్రేట్ చేసిన పరికరంతో కొలిచిన అంకెతో పోల్చాలి. ఖర్చు లేని తనిఖీలు కొన్ని ఉన్నాయి. రాత్రంతా వ్యవస్థను ఆపి ఉంచితే, ఒకే నీటి వలయంలోని సరఫరా, తిరుగు నీటి సెన్సార్లు దాదాపు ఒకే అంకె చూపాలి. కార్బన్ డయాక్సైడ్ సెన్సార్‌ను బయటి గాలిలో పెడితే 420 పీపీఎంకు దగ్గరగా చూపాలి. 700 చూపిస్తే అది గదిలో జనం లేకపోయినా బయటి గాలిని లోపలికి లాగిస్తూ ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక గాలినీ నీటినీ సమతుల్యం చేయాలి. అంటే ప్రతి గ్రిల్‌కూ, చల్లని నీటితో గాలిని చల్లబరిచే ప్రతి కాయిల్‌కూ డిజైన్ చెప్పినంత ప్రవాహం చేరేలా, గాలిని అదుపు చేసే డాంపర్లనూ నీటిని అదుపు చేసే వాల్వులనూ సర్దాలి. ఆ తరువాత ఒక్కో వ్యవస్థకు ఫంక్షనల్ పరీక్ష, చివరగా అన్ని వ్యవస్థలూ కలిపి పరీక్ష.

ఫంక్షనల్ పరీక్షలో నిజంగా ఏమి జరుగుతుంది?

యంత్రానికి అబద్ధం చెప్పి అది ఎలా స్పందిస్తుందో చూస్తారు. గది 30 డిగ్రీలు ఉందని సెన్సార్ విలువను మార్చి చూపితే చల్లని నీటి వాల్వు పూర్తిగా తెరుచుకోవాలి. 18 డిగ్రీలు అని చూపితే పూర్తిగా మూసుకోవాలి. తెర మీద ‘మూత’ అని కనిపిస్తే సరిపోదు, కాయిల్ తరువాతి గాలి వేడెక్కుతోందో లేదో కొలవాలి. లోపల కారుతున్న వాల్వు తెర మీద ఎప్పుడూ మూసే ఉంటుంది.

తరువాత వైఫల్యాల వంతు. నడుస్తున్న పంపును ఆపేస్తే రెండోది ఎంతసేపట్లో అందుకుంటుంది? సెన్సార్ వైరు తెగితే ప్రోగ్రాము దానిని సున్నా డిగ్రీలుగా చదివి హీటింగ్ మొదలుపెడుతుందా, లేక అలారం ఇచ్చి సురక్షిత స్థితికి వెళుతుందా? కరెంటు పోయి వచ్చాక అన్ని మోటార్లూ ఒకేసారి లేచి మెయిన్ బ్రేకర్‌ను పడగొడతాయా, ఒకదాని తరువాత ఒకటి లేస్తాయా? ఫైర్ అలారం మోగితే ఏహెచ్‌యూలు ఆగి, పొగను తోసే ఫ్యాన్లు నడిచి, లిఫ్టులు దిగి, తలుపులు తెరుచుకోవాలి. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు కాంట్రాక్టర్ల పరిధిలో ఉంటాయి, అందుకే ఒక్కొక్కరి పరీక్షలో అన్నీ నెగ్గి, కలిపి చేసిన మొదటి పరీక్షలో విఫలం కావడం అరుదు కాదు. ఇటువంటి సమీకృత పరీక్షను భవనపు అసలు మెయిన్ స్విచ్ దించి, జనరేటర్ మీదకు మార్చి చేయాలి. కాగితం మీద చేసిన పరీక్ష లెక్కకు రాదు.

ఎక్కువగా దొరికే లోపాలు ఏమిటి?

అన్నిటికంటే ఖరీదైనది ఒకే సమయంలో ఒకే భవనాన్ని చల్లబరచడమూ వేడి చేయడమూ. హీటింగ్ వాల్వు కొద్దిగా కారుతుంది, కూలింగ్ వాల్వు ఆ వేడిని చల్లార్చడానికి మరికాస్త తెరుచుకుంటుంది, గది ఉష్ణోగ్రత సరిగ్గా ఉంటుంది, ఫిర్యాదు రాదు, రెండు వైపులా బిల్లు పడుతుంది. సర్వర్ గదుల్లో దీనికి చెల్లెలు ఉంది: పక్కపక్కనే ఉన్న రెండు యూనిట్లలో ఒకటి తేమను తీసేస్తుంటే రెండోది తేమను కలుపుతూ ఉంటుంది, కారణం వాటి సెన్సార్ల మధ్య ఉన్న చిన్న తేడా మాత్రమే.

రెండోది చల్లని నీటి ఉష్ణోగ్రత తేడా పడిపోవడం. సరఫరాకూ తిరుగు నీటికీ మధ్య 6 డిగ్రీల తేడాతో డిజైన్ చేసిన వ్యవస్థలో అది 3 డిగ్రీలకు పడితే, అదే చల్లదనాన్ని మోయడానికి రెట్టింపు నీరు తిప్పాలి. చల్లదనం చాలడం లేదనుకుని ఆపరేటర్ రెండో పంపునూ, ఆపై రెండో చిల్లర్‌నూ నడుపుతారు. సగం భారంతో రెండూ అసమర్థంగా నడుస్తాయి. కారణం చాలాసార్లు ఒక మూల తెరిచి వదిలేసిన బైపాస్ వాల్వో, అవసరానికి మించి పెద్దదైన కంట్రోల్ వాల్వో అయి ఉంటుంది.

మూడోది ‘హ్యాండ్’ స్థానం. ప్యానెల్ మీద హ్యాండ్, ఆఫ్, ఆటో అని ఒక స్విచ్ ఉంటుంది. పరీక్ష రోజున ఎవరో హ్యాండ్‌లో పెట్టి వెళ్లిపోతారు, ఆ రోజు నుంచి ఆ ఫ్యాన్ సెలవు రోజున కూడా నడుస్తుంది. అప్పగింత రోజున ప్రతి ప్యానెల్ ముందూ నడిచి ఈ స్విచ్‌లను చూసి రావడం కంటే చౌకైన ఇంధన పొదుపు చర్య నాకు తెలియదు.

ఇవి కాక, బయటి గాలి డాంపర్ లింకేజీ ఊడి ఉండడం, గడియారంలో వేళలు తప్పుగా ఉండడం, కారు పార్కింగ్‌లో సెన్సార్లు పెట్టి కూడా ఫ్యాన్లను రోజంతా పూర్తి వేగంతో నడపడం మామూలుగా కనిపిస్తాయి.

మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ స్పీడ్ డ్రైవులు పెట్టించాం. ఇంకా సమస్య ఏమిటి?

ఫ్యాన్ తీసుకునే శక్తి దాని వేగానికి ఘనం నిష్పత్తిలో మారుతుంది. వేగం 80 శాతానికి తగ్గితే సిద్ధాంతపరంగా శక్తి దాదాపు 51 శాతానికి, సగానికి తగ్గితే 12.5 శాతానికి పడిపోతుంది. అయితే ఈ లాభం డ్రైవ్ కొన్నందుకు రాదు, వేగం నిజంగా తగ్గినందుకు వస్తుంది. డక్ట్‌లో పీడనాన్ని అవసరానికి మించి ఒక స్థిరమైన అంకె వద్ద నిలబెట్టమని ప్రోగ్రాములో రాస్తే, గదుల డాంపర్లన్నీ సగం మూసుకుని ఉన్నా ఫ్యాన్ ఆ పీడనం కోసం గాలిని తోస్తూనే ఉంటుంది. ఎక్కువ గాలి కావలసిన గది డాంపర్ దాదాపు పూర్తిగా తెరుచుకునేంత వరకు పీడనాన్ని దించుకుంటూ పోయే పద్ధతి మేలు. 2018లో ఆష్రే ప్రచురించిన ‘గైడ్‌లైన్ 36’ ఇటువంటి నియంత్రణ క్రమాలను తు.చ. తప్పకుండా రాసి ఇస్తుంది కాబట్టి ప్రతి ప్రాజెక్టుకూ ప్రోగ్రామర్ కొత్తగా ఊహించవలసిన పని తగ్గుతుంది. ఆ క్రమాన్ని ప్రోగ్రాములో పెట్టారో లేదో తేల్చేది మాత్రం పరీక్షే.

గోడలు, కిటికీలు, పైకప్పు కూడా కమిషనింగ్ కిందకి వస్తాయా?

రావాలి. భవనపు తొడుగులో ఉన్న చీలికల గుండా వచ్చే గాలినీ తేమనూ ఏసీ ప్లాంట్ జీవితాంతం మోయాలి. భవనం తలుపు దగ్గర శక్తివంతమైన ఫ్యాన్ పెట్టి లోపలి పీడనాన్ని మార్చి, కారుతున్న గాలిని కొలుస్తారు. అతి తక్కువ ఇంధనంతో నడిచే భవనాలకు ఉద్దేశించిన పాసివ్ హౌస్ ప్రమాణం 50 పాస్కల్ పీడనం వద్ద గంటకు లోపలి గాలి ఘనపరిమాణంలో 0.6 రెట్లకు మించి కారకూడదని అంటుంది. ఇంత కఠినమైన అంకె అందరికీ అవసరం లేదు, కానీ ఏదో ఒక అంకెను ముందే ఒప్పందంలో రాయాలి. పరీక్షను లోపలి పలకలు, ప్లాస్టరింగ్ పూర్తి కాకముందే చేయాలి. చీలిక దొరికినప్పుడు చేయి అందాలి కదా.

నీటి సరఫరా పైపులకు ప్రత్యేకమైన జాగ్రత్త ఉందా?

ఉంది, అది విద్యుత్తుకు కాక ప్రాణాలకు సంబంధించినది. 1976లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక సమావేశంలో వ్యాపించిన న్యుమోనియా తరువాతే లెజియోనెల్లా అనే బాక్టీరియాను గుర్తించారు. అది సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో పెరుగుతుంది. పైపులు నింపిన తరువాత భవనంలో జనం చేరడానికి నెలలు పడితే, ఆ నెలలంతా నీరు అందులోనే నిలిచి ఉంటుంది. అందుకే వారానికి ఒకసారైనా ప్రతి కుళాయినీ విప్పి నీరు పారించే ఏర్పాటు, కూలింగ్ టవర్ నీటి శుద్ధి మొదటి రోజు నుంచే ఉండాలి.

దీనికి ఎంత ఖర్చవుతుంది? తిరిగి వస్తుందా?

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2009లో 643 భవనాల వివరాలతో ఒక పెద్ద విశ్లేషణ ప్రచురించింది. కొత్త భవనాల్లో కమిషనింగ్ ఖర్చు మధ్యస్థ విలువ మొత్తం నిర్మాణ వ్యయంలో సుమారు 0.4 శాతం, ఇంధన పొదుపు 13 శాతం, పెట్టుబడి తిరిగి వచ్చే కాలం 4.2 ఏళ్లు. పాత భవనాల్లో పొదుపు 16 శాతం, కాలం 1.1 ఏళ్లు. ఇవి మధ్యస్థ విలువలు కాబట్టి మీ భవనానికి ఇవే వస్తాయని హామీగా తీసుకోకూడదు. ముందే పట్టుకున్న డిజైన్ తప్పుల వల్ల తప్పిన ఖర్చును ఏ విద్యుత్ బిల్లూ చూపించదు, ఆ లాభం ఈ లెక్కలో ఇమడదు.

గడువు దగ్గరపడింది. పరీక్షలను తగ్గించవచ్చా?

నిర్మాణంలో జరిగే ఆలస్యాలన్నీ చివరి దశ మీదే పడతాయి, చివరి దశలో ఉండేది కమిషనింగ్. కాబట్టి ఈ ప్రశ్న దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది. తగ్గించక తప్పనప్పుడు ప్రాణ భద్రతకు సంబంధించిన వాటిని ముట్టుకోకూడదు. ఒకే రకానికి చెందిన వంద గదుల యూనిట్లలో కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎంచి పరీక్షించవచ్చు, ఎంచిన వాటిలో నిర్ణీత సంఖ్య విఫలమైతే మొత్తం పరీక్షించాలన్న షరతుతో. ఏవి ఎంచుతారో కాంట్రాక్టరుకు ముందు రోజు చెప్పకూడదు. మిగిలినవాటిని వాయిదా వేస్తే వాటి జాబితా, తేదీ, బాధ్యుడి పేరు రాతలో ఉండాలి, చివరి చెల్లింపులో కొంత భాగం వాటికి ముడిపెట్టాలి.

చలికాలంలో అప్పగిస్తున్నాం. కూలింగ్ పరీక్ష ఎలా?

పూర్తి భారం లేని రోజున చిల్లర్ పూర్తి సామర్థ్యాన్ని చూపలేదు. కృత్రిమంగా హీటర్లతో భారం కల్పించవచ్చు. డేటా సెంటర్లలో అలాగే చేస్తారు. మామూలు భవనాల్లో అసలు ఎండ వచ్చే నెలలకు ఆ పరీక్షను వాయిదా వేస్తారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. భవనం ఏడాదిలో ఎక్కువ గంటలు పాక్షిక భారంతోనే నడుస్తుంది, కాబట్టి చల్లని రోజున తక్కువ భారంలో చిల్లర్ మాటిమాటికీ ఆగి లేస్తోందా అన్నది చూడడానికి చలికాలమే అనుకూలం. గ్రీన్ భవనాలకిచ్చే లీడ్ రేటింగ్‌లో మెరుగైన కమిషనింగ్ క్రెడిట్ తీసుకునేవారు, నిర్మాణం దాదాపు పూర్తయిన 10 నెలలకు భవనాన్ని మళ్లీ వచ్చి సమీక్షించాలన్న నిబంధన ఉంది. పది అనే అంకె వెనక లెక్క సులభం: సాధారణంగా ఏడాది ఉండే వారంటీ ముగియకముందే లోపాలు కాంట్రాక్టరు ఖాతాలోకి వెళ్లాలి.

మాకు గ్రీన్ రేటింగ్ వచ్చింది. ఇంకా ఎందుకు?

డిజైన్ ఆధారంగా వచ్చిన రేటింగ్ భవనం ఎలా ఉండగలదో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 వరకు నడిచిన ప్రోబ్ అధ్యయనాలు నివాసితులు చేరిన భవనాలకు తిరిగి వెళ్లి కొలిచాయి, డిజైన్ అంచనాకూ అసలు వినియోగానికీ మధ్య పెద్ద అంతరాలు ఉన్నట్టు చూపాయి. ఆస్ట్రేలియాలోని నేబర్స్ వ్యవస్థ దీనికి వేరే దారి పట్టింది: భవనం 12 నెలలు నడిచాక అసలు మీటరు అంకెల మీదే నక్షత్రాలు ఇస్తుంది. నా అభిప్రాయంలో యజమాని అవసరాల పత్రంలో రాయవలసిన లక్ష్యం ఇటువంటిదే.

నిర్వహణ సిబ్బందికి ఏమేమి అందాలి?

అలమారలో సర్దిన ఇరవై ఫైళ్లు కాదు. తయారీదారుల మాన్యువల్స్ యంత్రాన్ని ఎలా విప్పాలో చెబుతాయి, ఈ భవనంలో దానిని ఎందుకు ఇలా నడుపుతున్నామో చెప్పవు. కాబట్టి వ్యవస్థల మాన్యువల్ ఒకటి విడిగా ఉండాలి. అందులో ప్రతి వ్యవస్థ ఉద్దేశం, నియంత్రణ క్రమం మామూలు వాక్యాల్లో, ప్రతి సెట్‌పాయింట్ (యంత్రం నిలబెట్టవలసిన లక్ష్యం) విలువా దాని కారణమూ, ఫంక్షనల్ పరీక్షల ఫలితాలు, నిజంగా బిగించిన దాని ప్రకారం సరిచేసిన డ్రాయింగులు ఉండాలి. సెట్‌పాయింట్ వెనక కారణం రాసి ఉంటే కొత్తగా చేరిన ఆపరేటర్ దానిని మార్చే ముందు ఒక్క నిమిషం ఆగుతారు. కారణం లేకపోతే మొదటి ఫిర్యాదుకే మారుస్తారు, అది తిరిగి రాదు.

శిక్షణ విషయంలో ఒక్క మాట. అప్పగింత వారంలో అరగంట స్లైడ్లు చూపి హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకోవడం శిక్షణ అనిపించుకోదు. నడపబోయే టెక్నీషియన్ ఫంక్షనల్ పరీక్షలు జరిగే రోజుల్లోనే పక్కన నిలబడితే నెల రోజుల పాఠం ఒక పూటలో అందుతుంది. బ్రిటన్‌లో భవన వ్యవస్థల పరిశోధన సంస్థ బీఎస్‌ఆర్‌ఐఏ 2009లో వెలువరించిన సాఫ్ట్ ల్యాండింగ్స్ పద్ధతి దీనికి ఇంకో అడుగు వేసింది: డిజైన్, నిర్మాణ బృందాలు అప్పగించి వెళ్లిపోకుండా, మొదటి వారాల్లో భవనంలోనే అందుబాటులో ఉండి, తరువాత మూడేళ్ల వరకు పనితీరును సమీక్షించాలని కోరింది.

భవనం నడవడం మొదలయ్యాక సామర్థ్యం పడిపోకుండా ఎలా చూడాలి?

బీఎంఎస్‌లో సెన్సార్ల అంకెలను వరుసగా దాచే ట్రెండ్ రికార్డులు మొదటి రోజు నుంచే నడవాలి, కనీసం ఏడాది నిల్వ ఉండాలి. 15 నిమిషాలకొక అంకె రోజువారీ వినియోగానికి చాలు. కానీ వాల్వు నాలుగు నిమిషాలకొకసారి తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగిసలాడుతుంటే ఆ రికార్డులో కనిపించదు, అటువంటి అనుమానం ఉన్నచోట నిమిషానికొక అంకె కావాలి.

వారానికొకసారి చూడవలసినవి రెండే రెండు గ్రాఫులైతే, మొదటిది అర్ధరాత్రి నుంచి ఉదయం దాకా విద్యుత్ వినియోగం. ఖాళీ భవనం ఎంత తింటుందో అది చెబుతుంది, ఆ అంకె పెరుగుతోందంటే ఎక్కడో ఏదో ఆపడం మరిచారు. రెండోది చల్లని నీటి ఉష్ణోగ్రత తేడా. వీటితో పాటు చేత్తో మార్చిన విలువల జాబితాను నెలకోసారి ముద్రించి, ఒక్కొక్కదానికి కారణం అడగాలి. భవనంలో వాడుక మారినప్పుడు, ఉదాహరణకు సమావేశ మందిరం కాల్ సెంటర్‌గా మారినప్పుడు, ఆ భాగాన్ని మళ్లీ కమిషనింగ్ చేయాలి. కొత్తగా కట్టినప్పుడు అసలు చేయని భవనానికి కూడా ఇదే పనిని తరువాత చేయవచ్చు, పైన చెప్పిన విశ్లేషణలో వేగంగా తిరిగి వచ్చిన పెట్టుబడి ఆ భవనాలదే.

మాది చిన్న భవనం. బీఎంఎస్ కూడా లేదు. ఇదంతా అవసరమా?

ఇదంతా అక్కర్లేదు. రెండు పేజీల అవసరాల పత్రం, బిగింపు తనిఖీ, గ్రిల్స్ దగ్గర గాలి కొలత, టైమర్లూ థర్మోస్టాట్లూ సరిగ్గా అమర్చడం, కరెంటు తీసి పెట్టి చూడడం, నడిపే మనిషికి ఒక రోజు శిక్షణ చాలు. మీటరు అంకెను ప్రతి సోమవారం ఉదయం ఒక పుస్తకంలో రాయించండి. రాసే చోట పక్కనే గత ఏడాది అదే వారం అంకె కూడా కనిపించేలా గడులు గీయించండి.